ఋణధర్మము



జహీరాబాదునకు పడమట నున్న కల్యాణ నగరమున, చాళుక్యుల కాలమందు, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దిలో కేతన దానిని తెనిగించెను. అప్పు ఎంతకాలము పెరిగినను ధనము రెండింతలకు, ధాన్యము మూడింతలకు మించరాదని ఆ స్మృతి శాసించినది. ఋణదాత యాశకు వేసిన గట్టు అది.

నేటి గట్టు రిజర్వు బ్యాంకు వేసినది. షరతు తప్పినవానిపై విధించు అపరాధ రుసుమును వడ్డీరేటులో కలుపరాదనియు, దానిపై మరల వడ్డీ లెక్కింపరాదనియు, అది బ్యాంకునకు ఆదాయమార్గము కారాదనియు 2023 ఆగస్టు 18న ఆదేశించినది. 2024లో అది అమలునకు వచ్చినది.

అయినను గట్టు రెండవ వైపునను ఉండవలెను. ఓవర్‌డ్రాఫ్టు పరిమితి ఖాతాదారుని నిల్వ కాదు, పరుల సొమ్ము. చెరకు బిల్లు, అల్లము ధర ఏడాదికొకమారు చేతికందు ఈ సీమ రైతు, పంట రాకమునుపే ఆ సొమ్మును పెండ్లిపందిళ్లకు వెచ్చించినచో, రుసుము ఎంత న్యాయమైనదైనను అసలు తీరదు.

షరతులను ముందుగా తెలుపుట బ్యాంకు విధి. తెలిసికొనక చేవ్రాలు చేయకుండుట ఋణగ్రహీత విధి. చదువు రానివానికి ఆ కాగితము చదివి చెప్పుట గ్రంథాలయము విధి.