ఆటపాటలతో ఇంగ్లీషు
(రెజిమెంటల్ బజారు సంఘములో ఆదివారపు బడి ఉపాధ్యాయులకు, తలిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠము)



సాయంకాలము వేళ మన ప్రార్థనాలయపు హాలులో పిల్లలు గెంతుతున్నారు, కేకలు వేస్తున్నారు, ఇది చదువా ఆటా అని కొందరు పెద్దలు మమ్మును అడిగారు. న్యాయమైన ప్రశ్నే. హాలు సంఘముది, బిడ్డలు మీవారు. కనుక జవాబు చెప్పవలసిన బాధ్యత మాది.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరము నుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టారు. అంతకుముందు తెలుగులో కూడికలు, తీసివేతలు నేర్చిన బిడ్డ అదే లెక్కను ఇంగ్లీషులో వినవలసి వచ్చినది. మన బజారు బిడ్డకు భాషలు కొత్తవి కావు. ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, హిందీ, పక్క వాకిట తమిళము. మూడు భాషలలో బేరమాడి చిల్లర తప్పకుండా తెచ్చే పిల్లవాడు తరగతిలో మాత్రము నోరు విప్పడు. ఆ మౌనమును చూచి వీడికి చదువు రాదనుకుంటారు. కొన్నాళ్ళకు వాడే ఆ మాట నమ్ముతాడు. తరువాత పొద్దున్నే కడుపునొప్పి మొదలవుతుంది, ఆ తరువాత బడి మానడము. మేము తరగతి పెట్టినది ఆ కడుపునొప్పికి మందుగా.

వీధిలో తప్పు ఉర్దూ మాట్లాడితే ఎవరూ నవ్వరు. బడిలో తప్పు ఇంగ్లీషుకు నవ్వుతారు. న్యాయాధిపతుల గ్రంథము పన్నెండవ అధ్యాయములో యొర్దాను రేవుల దగ్గర జరిగినది మీకు జ్ఞాపకమే. షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అన్న ఎఫ్రాయిమీయులను గిలాదువారు చంపారు. ఒక్క అక్షరము పలకనందుకు! మన తరగతిలో మొదటి నియమము ఇదే: ఎవరి పలుకుకూ ఎవరూ నవ్వరాదు. ఆటలో అందరూ కలిసి నవ్వవచ్చును, అది వేరు.

ఇక ఆటల సంగతి. మన బజారు పేరులోనే రెజిమెంటు ఉన్నది. కంటోన్మెంటు ఊళ్ళలో దొరల బంగళాలలో పనిచేసిన మన పెద్దలు ఏ వ్యాకరణము చదివి ఇంగ్లీషు నేర్చారు? రా, పో, తే, పెట్టు అన్న ఆజ్ఞలు విని, చేసి నేర్చారు. లోకము దానిని బట్లర్ ఇంగ్లీషని ఎగతాళి చేసినది గాని, దానితోనే వారు కుటుంబములను పోషించారు. 1960లలో అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మార్గమునే పద్ధతిగా ప్రతిపాదించాడు. మొదట బిడ్డను మాట్లాడమనవద్దు, ఆజ్ఞ విని చేయనివ్వండి, మాట తరువాత వస్తుంది అన్నాడు. కనుక మొదటి వారములలో మేము ‘స్టాండ్ అప్’, ‘టచ్ ద డోర్’, ‘గివ్ ద బుక్ టు మేరీ’ అంటాము, పిల్లలు చేస్తారు. ‘పాస్టర్ సేస్’ అని ముందు చెప్పితేనే చేయాలి, లేకుంటే కదలరాదు. మీరు విన్న కేకలలో సగము ఇక్కడివే.

అయితే ఈ ఆటలో ఒక చిక్కున్నది. తప్పు చేసినవాడు అవుటయి గోడవారన కూర్చుంటాడు. మొదట అవుటయ్యేది ఎవరు? ఎక్కువ సాధన కావలసినవాడే! అందుచేత మన హాలులో అవుటయినవాడు కూర్చోడు, ముందుకు వచ్చి తరువాతి ఆజ్ఞ తానే ఇస్తాడు. పాదిరిగారిని కూడా గంతులు వేయించవచ్చును. అందుకని కొందరు కావాలనే అవుటవుతున్నారు, అది మాకు సంతోషమే.

వినడము వచ్చిన తరువాత మాట రావాలి. అందుకు విదేశపు ఆటలు వెదకనక్కరలేదు. వీరీ వీరీ గుమ్మడిపండు మీ అమ్మమ్మలు ఆడినదే. కళ్ళు మూసిన బిడ్డ ‘ఆర్ యు సలోమి?’ అని అడగాలి. ఎదుటి బిడ్డ గొంతు మార్చి ‘నో, ఐ యామ్ నాట్’ అనాలి. తెలుగులో ప్రశ్నకు చివర ఒక దీర్ఘము చాలును, ‘నీవు సలోమివా’ అంటే సరి. ఇంగ్లీషులో మాటల వరుసే మారాలి. ఈ మార్పును నల్లబల్లమీద వ్రాసి ఎన్నిసార్లు చెప్పినా నిలువదు. ఆటలో ఒక్క సాయంకాలము ఇరవైసార్లు తనకు అవసరమై అడుగుతాడు. అవసరమై అన్నమాట గమనించండి. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడిగించడము చిలక పలుకు. తెలియనిది తెలుసుకొనుటకు అడిగేదే భాష.

పాటల విషయములో మా అభిప్రాయము కొందరికి రుచింపకపోవచ్చును. వి.బి.ఎస్.లో మన పిల్లలు ఇంగ్లీషు యాక్షన్ సాంగ్స్ ఎంతో చక్కగా పాడుతారు. ఆ పాటలోని ఒక మాట విడిగా తీసి అర్థము అడగండి, చాలామంది దిక్కులు చూస్తారు. రాగము నోటికి వచ్చినది, మాట రాలేదు. అందుచేత మేము పాట పాడించి ఊరుకోము. రెండవసారి ఒక మాట మారుస్తాము, మూడవసారి ఆ మాటను పిల్లలే మార్చాలి. చేయి పోయి మోకాలు వస్తుంది, పిల్లి పోయి మేక వస్తుంది. పాటవలన నిజముగా కలిగే మేలు పలుకులో ఉన్నది. తెలుగు నోరు మాట చివర అచ్చు కోరుతుంది. బస్ బస్సవుతుంది, బుక్ బుక్కవుతుంది. తాళమునకు ఆ చివరి ‘ఉ’ పట్టదు గనుక దానంతట అదే రాలిపోతుంది.

పెద్ద పిల్లలకు మన ప్రక్కనే గొప్ప పాఠ్యపుస్తకమున్నది, సికింద్రాబాదు స్టేషను. 1979 మొదలు 1984 వరకు ఎన్.ఎస్. ప్రభుగారు బెంగుళూరు, మద్రాసు మొదలైన చోట్ల బడులలో ఒక ప్రయోగము నడిపారు. వ్యాకరణ పాఠము చెప్పక, పటములు, టైంటేబుళ్ళు ఇచ్చి లెక్క తేల్చమనేవారు. బుద్ధి అర్థముమీద నిలిస్తే భాష దాని వెంట వస్తుందని వారి నమ్మకము. మేము నల్లబల్లమీద రైళ్ళ పట్టిక వేస్తాము. ఒకడు గుమాస్తా, ఒకడు ప్రయాణికుడు. కాజీపేటలో పదిగంటల పెళ్ళికి ఏ బండి ఎక్కాలి? గుమాస్తాకు తెలుగు రాదని ముందే ఒప్పందము.

మరి పరీక్షలు, వ్యాకరణము? బడిలో అవి చెప్పుతున్నారు. ఆట వాటికి మారు కాదు. నోరు తెరచిన బిడ్డకు వ్యాకరణము దిద్దుబాటుగా ఉపయోగపడుతుంది, నోరు తెరవని బిడ్డకు దిద్దుటకేమున్నది?

తల్లులకు ఒక మాట. ఇంటికి వచ్చిన బిడ్డను ‘ఇంగ్లీషులో ఏదీ ఒకటి మాట్లాడు’ అని చుట్టాల ముందు నిలబెట్టకండి. దానికి బదులు తెలుగులో మంచి కథ చెప్పండి. తెలుగులో కథ చెప్పగల బిడ్డకు ఇంగ్లీషులో చెప్పుటకు సంగతి ఉంటుంది.

మాకు కావలసినవి కొద్ది. బొమ్మలున్న పాత క్యాలెండర్లు, ఖాళీ అగ్గిపెట్టెలు, ఒక మెత్తని బంతి. స్త్రీల ప్రార్థన కూడిక ఉన్న రోజున మేము హాలు ఖాళీ చేసి ఆవరణలో ఆడుకుంటాము. రైలు గుమాస్తాగా కూర్చొనుటకు విశ్రాంత రైల్వే ఉద్యోగులెవరైనా ముందుకు వస్తే, ఆరాధన తరువాత మమ్మును కలవండి.