గంజాయి వలని ధననష్టము



నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పినవాడను. నేడు మాత్రము గంజాయిని గూర్చిన చిన్న లెక్క నొకదానిని మీ యెదుట ఉంచెదను. దాని వలన ఆరోగ్యము చెడునని అందరు ఎరుగుదురు. అది ఇంటిని, ఊరిని ఎంత లేమికి దించునో లెక్క వేసి చూచువారు తక్కువ.

ఒక కూలివాని కొడుకు దినమునకు 100 రూపాయలు దానికై వెచ్చించుననుకొందము. ఏటికి 36,500 రూపాయలు. మత్తు వలన నెలకు పది దినములు పని మాని, దినమునకు 400 చొప్పున కూలి పోగొట్టుకొనినచో మరి 48,000. వెరసి 84,500 రూపాయలు. వైద్యుని ఖర్చు, తల్లి తాకట్టు పెట్టిన నగ ఇందులో చేరలేదు. కిరాణాకొట్టులో ఇచ్చిన రూపాయి ఊరిలో పది చేతులు మారును. ఈ రూపాయి దొంగవర్తకుని మూట చేరి మరల రాదు.

ఇక పండించువారి, మోయువారి సంగతి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడిన విశాఖ మన్యమున ఈ పంట విస్తారముగా సాగినది. ఒడిశా సరిహద్దు దాటి వచ్చు సరకును కలదు. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము ననుసరించి 20 కిలోలకు మించి పట్టుబడినచో పదేండ్లకు తక్కువ కాని కఠినశిక్ష, లక్ష రూపాయలకు తక్కువ కాని జుల్మానా. పెట్టుబడి పెట్టినవాడు చాటున నుండును. మూట మోసిన గిరిజన యువకుడు చెరసాలకు పోవును. ఇరువది యేండ్ల ప్రాయమున లోనికి పోయినవాడు ముప్పదియవ యేట వెలికి వచ్చును. వానిని పట్టుటకు, విచారించుటకు, చెరలో పోషించుటకు అగు వ్యయము మనము కట్టు పన్నులనుండియే. 2022 ఫిబ్రవరి 12వ తేదీన అనకాపల్లి చేరువనున్న కోడూరులో పోలీసులు పట్టుబడిన గంజాయిని సుమారు రెండు లక్షల కిలోలు తగులబెట్టిరి. ఆ శ్రమ కాఫీకి, మిరియములకు, పసుపునకు ధారపోసియుండిన ఎన్ని కుటుంబములు నిలిచియుండెడివో!

పెద్దలారా, పరువు పోవునని ఇంటిగుట్టు దాచినకొలది అప్పు పెరుగును. ఆ చట్టములోనే 64-ఏ సెక్షను ఒక దారి చూపుచున్నది. మత్తు వాడినందుకో, స్వల్పపరిమాణము కలిగియున్నందుకో కేసు పడిన వ్యసనపరుడు తనంత తాను ప్రభుత్వము గుర్తించిన ఆసుపత్రిలో చేరి చికిత్స ముగించినచో విచారణకు లోను గాడు. 14446 అను నంబరునకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ సలహా దొరకును.

అమ్మువానిని పోలీసులకు చూపుడు. అలవాటు పడినవానిని వైద్యునికి చూపుడు. ఇద్దరిని ఒక్క గాట కట్టకుడు. చికిత్సతో మరలి వచ్చిన కొడుకు ఏటికి 84,500 రూపాయలు ఇంటికి తెచ్చినట్లే.