పెట్రోల్ ఫిల్టర్ ఎక్కడుంది?



ఇవాళ మన కబుర్లు కారు గురించి. అందులోనూ ఎవరికీ కనిపించని, బిల్లులో మాత్రం తరచుగా కనిపించే ఒక చిన్న భాగం గురించి. అదే ఫ్యూయల్ ఫిల్టర్. నేను మెకానిక్‌ని కాదండీ, కంప్యూటర్ల ముందు కూర్చుని పొట్టపోసుకునేవాణ్ణి. కానీ డబ్బిచ్చి చేయించుకునే పని ఏమిటో తెలుసుకోవడం నాకో సరదా.

ఇక్కడ ఎమిరేట్స్‌లో కారు విలాసం కాదు కదా. ఇల్లు షార్జాలో, ఉద్యోగం దుబాయ్‌లో, పిల్లల బడి మరోచోట. ఆగస్టు నెల మిట్టమధ్యాహ్నం ఈ311 రోడ్డు మీద వెనక సీట్లో పిల్లలుండగా బండి ఆగిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా మనలో చాలామంది మొదట కొనేది సెకండ్ హ్యాండ్ కారే. పాత యజమాని ఏం చేయించాడో, ఏం వదిలేశాడో మనకి తెలియదు.

ముందు ఈ ఫిల్టర్ చేసే పనేమిటో చూద్దాం. ట్యాంకులోని పంపు పెట్రోల్‌ని ఇంజను వైపు తోస్తుంది. మామూలు పెట్రోల్ కార్లలో ఆ ఒత్తిడి సుమారు 3 నుంచి 4 బార్ ఉంటుంది. అంటే సైకిల్ ట్యూబులో ఉండేంత అన్నమాట. ఇంజను దగ్గర ఇంజెక్టర్లు సన్నటి రంధ్రాల గుండా పెట్రోల్‌ని చిమ్ముతాయి. నలుసు అడ్డం పడితే పని చెడుతుంది. అందుకే మధ్యలో వడపోత. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, మంచి ఫిల్టరు 10 మైక్రాన్ల నలుసుని కూడా పట్టేస్తుంది.

ఇక అసలు ప్రశ్న, ఇది ఎక్కడుంటుంది? మూడు చోట్లలో ఒకచోట.

మొదటిది బానెట్ కింద. 1990ల నాటి హోండా సివిక్, అకార్డ్ లాంటి కార్లలో, ఇంజనుకీ మన కాళ్ళకీ మధ్యనుండే ఇనుప గోడకి చిన్న డబ్బాలా బిగించి ఉండేది. రెండోది కారు అడుగున. ఆ కాలపు ఫోర్డ్, షెవర్లే పెద్ద బళ్ళలో చాసిస్ పట్టీ పక్కన ఉండేది. మూడోది పెట్రోల్ ట్యాంకు లోపల, పంపుతో కలిసి. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే పెట్రోల్ కార్లలో ఎక్కువ శాతం ఈ రకమే. అతుకులు తగ్గితే లీకులూ, గాలిలో కలిసే ఆవిరీ తగ్గుతాయని ఇలా చేశారు. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే కింద ఒక మూత కనిపిస్తుంది, దాని కిందే పంపు. కొన్నింటిలో ట్యాంకునే దింపాలి.

ఇది తెలియడం ఎందుకు ముఖ్యమంటే, లోపలి ఫిల్టర్‌కి చాలా కంపెనీలు ఇన్ని వేల కిలోమీటర్లకి మార్చాలని గడువే పెట్టలేదు. ఇబ్బంది వస్తేనే, తరచుగా పంపుతో పాటే మారుస్తారు. నాకు తెలిసిన ఒక కుటుంబానికి ఏడాదిలో రెండుసార్లు ఫ్యూయల్ ఫిల్టర్ మార్చినట్టు బిల్లు వచ్చింది. వాళ్ళ కారులో అది వెనక సీటు కింద ఉంటుంది. పాప చైల్డ్ సీటు మాత్రం కట్టిన బెల్టు కట్టినట్టే ఉంది! ఆ ఇంటావిడే ఆ సంగతి పట్టుకున్నారు.

"ఎడారి ధూళి సార్, త్వరగా మార్చాలి" అనే మాట మీరూ వినే ఉంటారు. ధూళి మాట నిజమే. కానీ అది పూడ్చేది ఇంజను గాలి ఫిల్టర్‌నీ, ఏసీ ఫిల్టర్‌నీ. వాటిని తరచుగా చూడాల్సిందే. పెట్రోల్ దారి మాత్రం మూసి ఉంటుంది. ట్యాంకులోకి చేరిన చెత్త, పాత ట్యాంకు తుప్పు, ఇవీ ఫ్యూయల్ ఫిల్టర్‌ని పూడ్చేవి.

డీజిల్ బండి కథ వేరు. పికప్పులు, వ్యాన్లు నడిపే అన్నదమ్ములు గమనించండి. డీజిల్ ఫిల్టర్ నీటిని కూడా వేరు చేస్తుంది. దాన్ని గడువు ప్రకారం మార్చాలి, అడుగున చేరిన నీళ్ళు వదలాలి. నీటి గుర్తు దీపం వెలిగితే వాయిదా వేయకండి.

మరి పూడుకుందని ఎలా తెలుస్తుంది? ఊళ్ళో మెల్లగా వెళ్తే బాగానే ఉంటుంది. జెబెల్ హఫీత్ లాంటి ఎక్కుడు దారిలో, ఏసీ పూర్తిగా పెట్టి తొక్కితే మాత్రం బండి ఊపిరాడనట్టు వెనకాడుతుంది. అయితే ఇవే లక్షణాలు పంపు నీరసించినా, స్పార్క్ ప్లగ్గులు అరిగినా వస్తాయి. కాబట్టి కోడ్ చదివించి, గేజి పెట్టి పెట్రోల్ ఒత్తిడి చూడమనండి. పొద్దున్నే అసలు స్టార్టే కాకపోతే ముందు బ్యాటరీ చూడండి. ఈ ఎండలకి ముందు పోయేది అదే.

ఇక మార్చే పని. లోపలి ఫిల్టర్ జోలికి మనం వెళ్ళొద్దు. బయట ఉండే రకమైనా, పని తెలిసినవారికే. ఇంజను చల్లారాక పంపు ఫ్యూజు తీసి, బండి తనంతట ఆగేదాకా నడిపి, పైపుల్లో ఒత్తిడి దించాలి. తరవాత బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. ఫిల్టర్ మీది బాణం గుర్తు ఇంజను వైపుండాలి. వాషర్లు కొత్తవే వేయాలి. బిగించాక తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, ఎక్కడా చెమ్మ లేదని చూసుకునే స్టార్ట్ చేయాలి. బిల్డింగ్ బేస్‌మెంటులో మాత్రం వద్దే వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

కాబట్టి ఇంట్లో అందరూ గుర్తుంచుకోవలసింది ఇది. మీ ముల్కియా మీద చాసిస్ నంబర్ ఉంటుంది. దాన్ని స్పేర్ పార్టుల కౌంటర్లో చూపిస్తే, మీ బండికి ఫిల్టర్ ఎక్కడుందో బొమ్మతో సహా చూపిస్తారు. గ్యారేజీలో మూడు మాటలు అడగండి. ఎక్కడుంది? ఎందుకు మార్చాలి? పాతది ఇస్తారా? నిజాయితీగా పనిచేసే మెకానిక్ ఈ ప్రశ్నలకి కోపగించుకోడు. అలాంటివారు ఇక్కడ చాలామందే ఉన్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇంకొక్క మాట. ట్యాంకుని అడుగంటనివ్వకండి. పంపుని చల్లబరిచేది దాని చుట్టూ ఉండే పెట్రోలే.

ఈ వారాంతంలో ఒకసారి ఓనర్స్ మాన్యువల్ తీసి ఆ పేజీ చదవండి. మరి ఉంటానండీ, సెలవు.