సాల్వే రెజీనా: కరుణ కోరే పాటను వినే తీరు

సాల్వే రెజీనా మరియమాతను కరుణకు తల్లిగా, రాణిగా పిలిచే పాత లాటిన్ ప్రార్థన. కతోలిక సంప్రదాయంలో జపమాల చివర చెప్పుకునే ప్రార్థనల్లో ఇదొకటి. 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం, 1976లో ఏర్పడిన కడప మేత్రాసనం పరిధిలోని విశ్వాసులకు దీని తెలుగు రూపం పరిచితమే. దానికి మూలమైన పాట మాత్రం ఇక్కడ అరుదుగా వినిపిస్తుంది.

దీన్ని హెర్మన్ అనే సన్యాసి రాశాడని సంప్రదాయం చెబుతుంది. 1013లో పుట్టి 1054లో కన్నుమూసిన ఈయన చిన్ననాటి నుంచీ అవిటివాడు. నేటి జర్మనీలోని రైషెనౌ మఠంలో జీవించాడు. పండితులందరూ ఈ మాట ఒప్పుకోరు. 12వ శతాబ్దం నాటికి ఫ్రాన్సులోని క్లూనీ మఠంలో ఊరేగింపు పాటగా ఇది స్థిరపడిందన్నది మాత్రం నిజం. 1492 అక్టోబరులో కొలంబస్ నావికులు కూడా పొద్దుగూకే వేళ దీన్నే పాడుకున్నారు.

ప్రార్థన మొదట రాణికి వందనం చేస్తుంది. ఆమెను జీవమని, తీపి అని, ఆశ అని పిలుస్తుంది. తర్వాత గొంతు మారి మనుషుల దురవస్థ చెప్పుకుంటుంది: ఆదిమాత ఏవ సంతానం ఏదెను తోట నుంచి వెళ్లగొట్టబడి, కన్నీటి లోయలో నిట్టూరుస్తూ మొరపెట్టుకుంటోంది. అప్పుడు విన్నపం. ఇక్కడే ఈ ప్రార్థన ప్రత్యేకత బయటపడుతుంది. వాన, పంట, ఆరోగ్యం, ఏదీ అడగదు. దయగల చూపు ఒక్కసారి ఇటు తిప్పమంటుంది. ఈ ప్రవాసం ముగిశాక కొడుకు యేసును చూపించమంటుంది. అమ్మవారి కడగంటి చూపు కోసం వేడుకునే తెలుగు భక్తులకు ఈ కోరిక కొత్తేమీ కాదు. అయితే ఇక్కడ మరియ తీర్పరి కాదు, మనిషి తరఫున వాదించే వకీలు. కరుణ దేవునిది, దాన్ని ఇప్పించమని అడిగేది తల్లి.

ప్రవాసం అనే మాట ఈ నేలకు బాగా తగులుతుంది. 18వ శతాబ్దం తొలినాళ్లలో జెసూట్ అనే కతోలిక సంఘానికి చెందిన ఫ్రెంచి గురువులు హిందూ సన్యాసుల వేషంలో రాయలసీమకు వచ్చి, తెలుగు నేర్చి బోధించారు. 1773లో రోము ఆ సంఘాన్నే రద్దు చేసింది. ఆ గురువుల దగ్గర విశ్వాసం స్వీకరించిన కుటుంబాల్లో కొన్ని గుంటూరు సీమకు తరలిపోయాయి. నేటికీ ఆదోని, కోసిగి వైపు నుంచి కూలీలు మిరప కోతలకు అదే దారి పడతారు. పాత కడప జిల్లా ఆడవాళ్లు ఇంటిపనులకు కువైట్ వెళ్తారు. ప్రార్థన చెప్పే ప్రవాసం ఇది కాదు, భూమ్మీద బతుకు మొత్తం. అయినా ఊరు విడిచినవారికి ఆ మాట త్వరగా అందుతుంది.

ఇక సంగీతం. చర్చి పాత గానమైన గ్రెగోరియన్ పద్ధతిలో దీనికి రెండు బాణీలున్నాయి: పెద్దది, చిన్నది. రెంటికీ తాళం లేదు, వాద్యం లేదు. మాట నడకే పాట నడక. పెద్ద బాణీ నాలుగు స్వరాలతో మొదలవుతుంది. మన లెక్కలో ప మ ప స. పైన కాసేపు నిలిచి, ఒక్కసారిగా షడ్జమానికి దిగిపోతుంది. తల వంచి దండం పెట్టినట్టుంటుంది ఆ దిగడం. రెండో పాదం కూడా అదే వరుసతో మొదలవుతుంది. చివర మూడుసార్లు వచ్చే "ఓ" పిలుపుల దగ్గర మాట సన్నగిల్లి, రాగం సాగుతుంది. ఆలాపన విన్న చెవికి ఈ చోటు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది.

చిన్న బాణీ తర్వాతి కాలపుది, తేలికైనది. స గ ప ద ప అంటూ పైకి ఎక్కుతుంది. దాని స్వరాలు శంకరాభరణానికి దగ్గర. మాటల్లో కన్నీరుంటే బాణీలో వెలుగుంటుంది, గాయకుడు ఏడవాల్సిన పని లేదు. ఎక్కువ భావం ఒలకబోస్తే ఈ పాట చెడుతుంది.

యూరప్ స్వరకర్తలు కూడా ఈ ప్రార్థనకు సంగీతం కూర్చారు. వారిలో జోస్కాన్ దే ప్రే అయిదు గొంతులకు కూర్చిన రచనలో ఒక గొంతు పాట పొడవునా పెద్ద బాణీలోని ఆ తొలి నాలుగు స్వరాలనే, ఆగి ఆగి, పలుకుతుంది. మిగిలినవి దాని చుట్టూ అల్లుకుంటాయి. మరో స్వరకర్త పెర్గొలేసి 1736లో రాసిన కూర్పు వేరే దారి: ఒంటరి గొంతు, తీగ వాద్యాలు, బాహాటమైన దుఃఖం. శ్రోతలు ముందు చిన్న బాణీ, తర్వాత పెద్ద బాణీ విని, ఆ నాలుగు స్వరాలు చెవిలో నిలిచాకే జోస్కాన్ దగ్గరికి వెళ్లడం మంచిది.