అసలున్నచోటనే నకలు వలదు
(మలంచాలో తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



పాటలకును నాటకమునకును నడుమ నాకు కొన్ని నిమిషముల వ్యవధి నొసంగినారు. కార్యాలయ సమాచారమును డిస్కులలోను టేపులలోను భద్రపఱచు విధమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారి ఆదేశము. నేను బి.ఏ. చదివినవాడను, యంత్రశాస్త్ర పండితుడను గాను. అయితే ఇరువది సంవత్సరములుగా సచివాలయములో కాగితముల నడుమ జీవించుచున్నాను కనుక, ఒక కాగితము పోయినచో ఎవరి ఇంట పొయ్యి ఆరునో ఎఱుగుదును.

మలంచాలో ఈ మాట చెప్పుటకు కారణము కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరులో కర్మాగారమును నెలకొల్పిన కాలమునుండియు ఉత్తరాంధ్రమునుండి మనవారు ఇచటికి వచ్చి స్థిరపడిరి. పుట్టిన తేదీకిని, చేసిన కొలువుకును సర్వీసు రిజిస్టరులోని రెండు పంక్తులే సాక్ష్యముగా గల పెద్దలు మన కుటుంబములలో ఎందఱో యుండిరి. ఆ పంక్తులు లభింపనిచో భర్తను గోల్పోయిన స్త్రీకి రావలసిన పింఛను నిలిచిపోవును. నేడా పంక్తులు క్రమముగా కంప్యూటరులోనికి చేరుచున్నవి. కావున ఇది యంత్రముల ముచ్చట మాత్రమే కాదు.

2021 మార్చి 8వ తేదీ సాయంకాలము కలకత్తా స్ట్రాండు రోడ్డుననున్న న్యూ కొయిలాఘాట్ భవనములో అగ్నిప్రమాదము సంభవించినది. అది రైల్వే కార్యాలయములు గల భవనము. నలుగురు అగ్నిమాపక సిబ్బందితో సహా తొమ్మిదిమంది మరణించిరి. ఆ ప్రాణములకు నకలు లేదు. భవనమునకు విద్యుత్తు నిలిపివేయుటచే తూర్పు ప్రాంతమున కంప్యూటరు టిక్కెట్ల పనియు కొంతకాలము స్తంభించినది. రెండు దినములకే, మార్చి 10వ తేదీన, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూరులో ఓవీహెచ్ సంస్థవారి కంప్యూటరు భవనమొకటి దగ్ధమైనది. నకళ్లును అచటనే యుండుటచే కొందఱు ఖాతాదారులు అసలును నకలును ఒక్కసారే పోగొట్టుకొనిరి.

ఈ విద్య తెలిసినవారు 'మూడు, రెండు, ఒకటి' అను సూత్రమును చెప్పుదురు. అసలుతో కలిపి మూడు ప్రతులు. రెండు విధములైన సాధనములు. ఒక ప్రతి వేఱొక ఊర. డిస్కు పుస్తకము వంటిది. కోరిన పుటను వెంటనే తెఱువవచ్చును. టేపు చుట్టను మొదటినుండి త్రిప్పవలసినదే; కాని ధర తక్కువ, మోత ఎక్కువ. ఎల్.టి.ఓ. తొమ్మిదవ తరము టేపు ఒక్కటి 18 టెరాబైట్ల సమాచారమును మోయును. యంత్రమునుండి తీసి బీరువాలో నుంచిన టేపును దూరమునుండి దొంగలు తాళము వేయలేరు. జంట డిస్కులు గలవని ధైర్యపడరాదు. పొరపాటున ఒకదానిలో చెఱపినది రెండవదానిలోను తత్‌క్షణమే చెఱగును.

ప్రణాళిక వేయువారు మొదట రెండు ప్రశ్నలు వేసికొనవలయును. ఎంత పని పోయిన సహింపగలము? ఎంత కాలములో తిరిగి నిలువవలయును? తరువాత తాత, తండ్రి, కొడుకు అను వరుస. ప్రతిదినము మాఱినంతవఱకు వ్రాసికొనునది కొడుకు. వారాంతమున సమస్తమును వ్రాసికొనునది తండ్రి. నెల తుదిని వ్రాసి ప్రత్యేకముగా దాచునది తాత. కొడుకు టేపును మరల వాడుకొందురు, తాతను కదలింపరు. అనేక శాఖలు గలచోట చిన్న కార్యాలయములు రాత్రివేళ తమ మార్పులను ముఖ్య కార్యాలయమునకు పంపును; ముఖ్య కార్యాలయపు టేపు మఱియొక ప్రాంతమునకు పోవలయును. 2020 మే 20వ తేదీన ఆంఫన్ తుపాను కలకత్తాను, మేదినీపూరు తీరమును ఒకే దినమున తాకినది. కావున పొరుగూరు చాలదు. సికిందరాబాదంత దూరమున్న మేలు.

ఇంత చెప్పిన నేను చేసిన తప్పును దాచుట న్యాయము కాదు. నేను పనిచేసిన ఒక కార్యాలయములో ప్రతి రాత్రి టేపు మార్చుట నియమము. పుస్తకములో సంతకములకు లోటు లేదు. ఒకనాడు డిస్కు చెడినది. టేపులను తెచ్చి చూడగా మూడు నెలలుగా వాటిలో ఏమియు ఎక్కలేదు. యంత్రము తప్పును చూపుచునే యున్నది, చూచువారు లేరు. ఆ సంతకములలో కొన్ని నావి. పాత జీతపు బిల్లులను వెదకి లెక్కలను మరల వ్రాసితిమి. ఆ దినములలో పదవీ విరమణ చేసిన ఒక ప్యూను తన బకాయి కొఱకు ప్రతి సోమవారము వచ్చి వరండాలోని బల్లపై కూర్చుండెడివాడు. "ఫరవాలేదండీ, మళ్లీ వస్తాను" అని లేచి పోయెడివాడు. అతడు కోపించినచో నాకు సులభముగా నుండెడిది.

నాటినుండి నా నియమమొక్కటే. తిరిగి తెఱచి చదువని నకలు నకలు కాదు. నెలకొకసారి ఏదేనొక టేపును తీసి, వేఱొక యంత్రముపై తెఱచి, ఒక ఫైలును ఎంచి, అసలుతో సరిపోల్చవలయును. అప్పుడే సంతకము.

మన పూర్వులకు ఈ చింత లేకపోలేదు. తాళ్ళపాకవారు అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపఱచిరి. తాటాకుకంటె రాగి గట్టిది. సంకీర్తనలు 32 వేలని ప్రతీతి; మనకు దక్కినవి అందులో సగమునకు లోపే. ఉన్న రేకులును తెఱచి చదువువారు లేక చిరకాలము చీకటిలో నుండెను. 20వ శతాబ్దమున పండితులు వెలికి దెచ్చి పరిష్కరించిన పిమ్మటనే ఆ పాటలు మన ఇండ్లకు చేరినవి. సాధనమెంత గట్టిదైనను చూచుకొను మనిషి యుండవలయును.

తల్లులారా, మీకు టేపులతో పని లేదు. అయినను ఇంటిలోని పింఛను ఉత్తరువును, సర్వీసు రిజిస్టరు నకలును రెండు ప్రతులు తీయించి, ఒకదానిని విజయనగరములోనో శ్రీకాకుళములోనో ఉన్న తమ్ముని ఇంట ఉంచుడు. కార్యాలయములలోని సోదరులారా, రేపు మీ అధికారిని "నకలు తీయుచున్నామా?" అని అడుగవలదు. "కడపటిసారి ఎప్పుడు తెఱచి చూచితిమి?" అని అడుగుడు.