పసివాండ్ర గురువునకు చదువు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



“పసివాండ్రను ఆడించి అన్నము పెట్టుటకు పట్టా యేల? ఆ పని ఇంటి ముసలమ్మ చేయదా?” అనుమాట రచ్చబండ కడ తరచుగా వినవచ్చును. ముసలమ్మ ప్రేమకు సాటి లేదు. కాని ప్రేమకు తోడుగా శాస్త్రజ్ఞానము కూడ కావలెను.

మూడేండ్ల బిడ్డ చెంబులోని నీటిని గ్లాసులోనికి, గ్లాసులోని నీటిని చెంబులోనికి పోయుచుండును. చూచువారికి అది అల్లరి. శిశువుల తీరు చదివినవారికి అది కొలతల పాఠము. పిలిచినను పలుకక మూల కూర్చుండు బిడ్డను “నెమ్మదస్తుడు” అని లోకము మెచ్చుకొనును. చదివిన గురువు, వానికి చెవులు వినబడుచున్నవో లేదో వైద్యునిచే పరీక్ష చేయించుమని తల్లికి చెప్పును. ఆ మాట రెండేండ్లు ఆలస్యమైనచో, బిడ్డకు పలుకులు సులభముగా పట్టుబడు కాలము చేజారును. చదువునకు ఇంతకంటె ప్రయోజన మేమి కావలెను?

పనిచేయుచు చదువుట మన సీమకు క్రొత్త గాదు. 1863లో వంశధార తీరమునందలి పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. పాఠములు చెప్పుకొనుచునే స్వయముగా చదివి బి.ఏ. పట్టా నందిరి. అంతటితో తృప్తి చెందక సవరల భాష నేర్చి, అందు పుస్తకములు వ్రాసి, వారి బిడ్డలకు బడులు పెట్టిరి. భూమికి పట్టా యున్నంతమాత్రమున పంట పండదు, దున్నవలెను. పంతులుగారు తమ చదువును అట్లు దున్నినవారు.

మహారాష్ట్రమున అనూతాయి వాఘ్ గారి చరిత్రయు ఇట్టిదే. బాల్యముననే వితంతువైన ఆమె ఉపాధ్యాయినియై పగలు పాఠములు చెప్పి, రాత్రిబడిలో చదువుకొనిరి. 1945 నుండి తారాబాయి మోడక్ గారితో గూడి బోర్డీ గ్రామమున పసిపిల్లల బడి నడపిరి. బిడ్డలు బడికి రానిచో బడియే వారి ముంగిటికి పోయెను. ముంగిటిలోని ఆ బడియే అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో ఆ పేరు దేశములోని పల్లెపల్లెకును వచ్చెను.

2020 నాటి జాతీయ విద్యావిధానము అంగన్‌వాడీ కార్యకర్తలకు ఉద్యోగము వదలక చదువు మార్గమును సూచించినది. ఇంటర్మీడియెటు, అంతకు పైబడి చదివినవారికి 6 నెలల సర్టిఫికెటు. తక్కువ చదివినవారికి ఒక యేడాది డిప్లొమా. దూరవిద్య ద్వారా పట్టాలిచ్చు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1985లోనే వెలసినది.

దారి యున్నది, తీరికయే లేదు. పగలెల్ల బిడ్డల బరువు తూచుట, లెక్కలు వ్రాయుట, గర్భిణుల ఇండ్లకు పోవుట. ఇంటికి చేరినచో పొయ్యి, పశువులు, తన పిల్లలు. పుస్తకము తెరచునప్పటికి ఊరు నిద్రించును. అయినను ఆ చదువు వట్టి పుస్తకపు చదువు గాదు. రాత్రి చదివిన దానిని తెల్లవారగనే బిడ్డల నడుమ సరిచూచుకొను భాగ్యము ఆమెకు గలదు. సీతంపేట మన్యములో సవర బిడ్డ తెలుగు మాటకు బిక్కమొగము వేసినప్పుడు, ఇంటి భాషలో మొదలిడవలెనను పాఠము ఆమెకు పరీక్షకై గాక బ్రతుకుకై వచ్చును.

కావున గ్రామము చేయవలసిన పనులు రెండు. గ్రంథాలయమున ప్రతి సాయంకాలము అట్టి విద్యార్థినులకు ఒక బల్లయు, ఒక దీపమును, శిశువిద్యా గ్రంథముల బీరువాయు కేటాయింపవలెను. పరీక్ష దినములలో వారి ఇంట గరిటె మరియొకరు పట్టవలెను. రెండవదానికి ఖర్చు లేదు, మనసు కావలెను.

ఈ గ్రంథాలయము పుట్టిననాడు పలక పట్టిన పసివాండ్రు నేడు తల్లిదండ్రులైరి. వారి బిడ్డల చేతికి పలక నిచ్చు తల్లి చేతిలో ఒక పుస్తక ముంచుటకంటె ఈ రజతోత్సవమునకు తగిన కానుక వేరొండు లేదు.

స్వస్తి.