చేతి గడియారము - నాడి నడక



నాడి చూచుట మనవారికి క్రొత్త గాదు. శార్ఙ్గధర సంహితయందు నాడి నడకను పాము, కప్ప, హంస మున్నగువాని నడకలతో బోల్చి చెప్పిరి. తెలుగునాట వైద్యులు తరతరములుగ నాశ్రయించిన బసవరాజీయమునందును నాడీపరీక్ష గలదు. పురుషునకు కుడిచేయి, స్త్రీకి ఎడమచేయి చూడవలయునని పెద్దల నియమము. ఇప్పుడు వచ్చిన స్మార్ట్ వాచీకి ఆ నియమము లేదు. ఏ చేతికి గట్టిన ఆ చేతి నాడినే చూచును. మనము నిద్రించువేళను గూడ చూచుచుండును. మా తిరువూరు ప్రాంతమున మామిడితోటకు కావలి యుండు వృద్ధుల చేతులకు సైతము, హైదరాబాదునుండియో అమెరికానుండియో బిడ్డలు పంపిన యీ గడియారములు కనబడుచున్నవి. పెక్కుమంది దానిని కాలము చూచుటకును, నడచిన యడుగులు లెక్కించుటకును వాడుచున్నారు. అది చేయగల ముఖ్యకార్యము వేఱొకటి కలదు. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతివేళ నిమిషమునకు 60 మొదలు 100 సార్లు కొట్టుకొనును. 72 చొప్పున లెక్కించితిమేని దినమునకు 1,03,680 సార్లు. ఇన్ని దెబ్బలకును ఒక తాళము గలదు. గుండెలో పైన రెండు గదులు, క్రింద రెండు గదులు. పై గదులు ముడుచుకొని రక్తమును క్రింది గదులలోనికి నెట్టును. క్రింది గదులు దానిని ఊపిరితిత్తులకును, దేహమునకును పంపును. కొందఱికి, విశేషించి వయసు మీఱినవారికిని, రక్తపుపోటు గలవారికిని, పై గదులు ముడుచుకొనుట మాని గాలికి రావియాకువలె వడకనారంభించును. చిన్ననాట కీళ్లవాతజ్వరము వచ్చి గుండె కవాటములు చెడినవారికి నడివయసునందే యిట్లు కావచ్చును. వైద్యులు దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. అప్పుడు నాడి తాళము తప్పును. తప్పుటలో గూడ నొక క్రమ ముండదు. ఒక దెబ్బ త్వరగా, ఒకటి ఆలస్యముగా, ఒకటి బలముగా, ఒకటి యుండీ లేనట్లుగా నుండును.

వడకుచున్న గదిలో రక్తము సరిగా కదలక నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ యొక్కటి కదలి మెదడునకు పోయెనా, పక్షవాతము. ఈ వ్యాధి గలవారికి పక్షవాత భయము లేనివారికంటె సుమారు 5 రెట్లు. అంతకంటె కష్టమేమనగా, అనేకులకు బాధ యేమియు తెలియదు. కొందఱికిది వచ్చి పోవుచుండును. వైద్యుని యొద్దకు పోవునప్పటికి నాడి సరిపడి యుండును, ఇ.సి.జి. కాగితము చక్కగా నుండును. దొంగ రాత్రి వచ్చిపోగా పగలు కావలి పెట్టినట్లు.

గుండె విద్యుత్తును వ్రాసి చూపు యంత్రమును హాలండు దేశపు ఐంతోవెన్ పండితుడు 20వ శతాబ్ది తొలినాళ్లలో నిర్మించెను; 1924లో నోబెల్ బహుమానము నందెను. నాడు రోగి చేతులును, ఒక కాలును ఉప్పునీటి పాత్రలలో నుంచవలసి యుండెడిది. నేటి గడియారము అడుగున చిన్న ఆకుపచ్చని దీపము గలదు. రక్తము ఆ కాంతిని పీల్చుకొనును. గుండె కొట్టినపుడు మణికట్టున రక్త మధికమై, తిరిగివచ్చు వెలుగు తగ్గును. ఈ హెచ్చుతగ్గులనుండి గడియారము దెబ్బకు దెబ్బకు నడుమ కాలమును కొలుచును. కొన్ని గడియారములలో రెండవచేతి వ్రేలిని తాకించి 30 సెకండ్లు కదలకుండ కూర్చుండిన ఇ.సి.జి. రేఖయు వచ్చును. ఆపిల్ సంస్థవారి గడియారమున ఈ సౌకర్యము అమెరికాలో 2018లోను, మన దేశమున 2019లోను వచ్చినది. చౌక గడియారములలో పెక్కు దెబ్బల సంఖ్యను మాత్రమే చూపును, తాళము నెఱుగవు. కొనువారు దీనిని విచారించి కొనవలెను.

దీని మాట యెంతవఱకు నమ్మదగును? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 4,19,297 మందిని పరిశీలించి 2019లో ఫలితములు ప్రకటించిరి. హెచ్చరిక వచ్చినవారు 2,161 మంది మాత్రమే. వారిలో 450 మంది ఱొమ్మునకు పట్టీ యంటించుకొని మఱల పరీక్ష చేయించుకొనగా, నూటికి 34 మందికి వ్యాధి కనబడెను. తక్కినవారి కది లేదనుటకు వీలులేదు. పట్టీ యున్న దినములలో రాకపోయి యుండవచ్చును. డెన్మార్కులో 70 యేండ్లు దాటిన వృద్ధులకు చర్మము క్రింద యంత్రమునుంచి చూచిరి. 2021లో తేలినదేమనగా, వ్యాధి చాల హెచ్చుగా బయటపడెను గాని పక్షవాతములు నిశ్చయముగ తగ్గినవని చెప్పుటకు వీలు కాలేదు. కావున కనుగొనుట ఒకటి, మందు వేయుట ఒకటి. రక్తము గడ్డకట్టకుండ చేయు మందులు పక్షవాతమును తగ్గించును. రక్తస్రావమునకు దారియు తీయును. వయసు, రక్తపుపోటు, మధుమేహము, పూర్వము పక్షవాతము వచ్చెనా యనునవి తూచి వైద్యుడే నిర్ణయింపవలెను. ఇంటిలో నున్న ఆస్పిరిన్ మాత్ర వేసికొని తృప్తిపడువారిని చూచుచున్నాను. ఆ మాత్ర ఈ పనికి చాలదు.

హెచ్చరిక వచ్చినచో గడియారము విసుగు పుట్టించుచున్నదని దాని నోరు నొక్కకుడు. ఆ రాత్రియే ప్రాణము పోవునని యిల్లెల్ల గగ్గోలు పెట్టకుడు. తేదీ, వేళ వ్రాసికొని, ఆ రేఖ ఫోనులో నున్నచో చెఱిపివేయక, కొలది దినములలో వైద్యునికి చూపి పెద్ద ఇ.సి.జి. తీయించుకొనుడు. ఆయాసము, ఱొమ్మునొప్పి, తల తిరిగి పడుట ఉన్నయెడల ఆగరాదు. గుండెపోటును ఈ గడియారము కనిపెట్టలేదు. అది ఊరకున్నదని ఱొమ్మునొప్పిని ఉపేక్షించుట ప్రమాదము.

గడియారము లేనివారు చింతింపనక్కఱలేదు. అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండి, బొటనవ్రేలి మూలమున మణికట్టుపై రెండు వ్రేళ్లుంచి, నిండు నిమిషము లెక్కింపుడు. పావు నిమిషము చూచి నాలుగింతలు చేయువారికి తాళభంగము తప్పిపోవును. 65 యేండ్లు దాటిన దంపతులు ఒకరి నాడి నొకరు వారమునకొకమాఱు చూచుకొనవచ్చును.

ఒకవేళ మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడినచో, తైలమర్దనమునకు పరుగిడక 108కి ఫోను చేయుడు. గడ్డను కరగించు సూదిమందు సాధారణముగ 4½ గంటలలోపల పడవలయును. మా తిరువూరునుండి విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు. దారికే ఎంతో కాలము పట్టును. రోగి చివరిసారి బాగుగ నున్న వేళ యేదో ఒకరు వ్రాసి పంపుడు. ఆసుపత్రిలో మొదట నడుగునది అదియే.